ఒకే పట్టాల మీద రెండు ఇంజన్లు

బరంపురం స్టేషనులో ప్లాట్‌ఫారం చివరకంటా వెళితే, పైకప్పు అయిపోయిన తరువాత ఒక సిమెంటు బల్ల ఉంది. చాలా ఏళ్ళుగా ఆదివారం సాయంత్రాలు నేనూ మా మేనల్లుడూ అక్కడే గడుపుతున్నాం. వాడికిప్పుడు పందొమ్మిదేళ్ళు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. చక్రాల కుర్చీ తప్పదు. చేతివేళ్ళు వాడి మాట వినవు. వాడి మాట కొత్తవాళ్ళకు అర్థం కాదు, ఇంట్లోవాళ్ళకు అర్థమవుతుంది. బుద్ధికి మాత్రం ఏ లోటూ లేదు. ఏ ఇంజను ఏ షెడ్డుదో దూరాన్నుంచే రంగు చూసి చెప్పేస్తాడు.

ఒకనాడు పొడవాటి గూడ్సుబండి ఒకటి వెళ్ళింది. ముందు రెండు ఇంజన్లు. ఇక అయిపోతుందనుకున్నాక, నడిమధ్యన మళ్ళీ ఇంకో జత. "మావయ్యా, మధ్యనున్నవాటిని ఎవరు నడుపుతున్నారు?" అని అడిగాడు. "లోపల డ్రైవరుంటాడురా" అన్నాను, పెద్దవాళ్ళు చెప్పే తీరులో. వాడు తల అడ్డంగా ఊపాడు. కిటికీలో మనిషి లేడట.

ఇంటికొచ్చి వెతకడం మొదలుపెట్టాను. వాడన్నది జరగగలిగేదేనని త్వరలోనే తెలిసింది. ముందు ఇంజనులో కూర్చున్న డ్రైవరు, అర కిలోమీటరు దూరాన వెనకాల ఉన్న ఇంజనును రేడియో ద్వారా నడిపే ఏర్పాటు మన రైల్వేలలోనూ ఉంది. అక్కడితో ఆపితే సరిపోయేది. కాని ఆ దారిన పోతూ పోతూ బొమ్మరైళ్ళ చరిత్రలోకి వెళ్ళిపడ్డాను. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. విద్యుత్తు గురించి నాకు తెలిసింది బిల్లు కట్టడం వరకే. అయినా ఈ చరిత్ర నాకు బ్యాంకు భాషలోనే అర్థమైంది కనుక అలాగే చెబుతాను.

బ్యాంకులో సొమ్ము వేరు, సొమ్ము ఇవ్వమనే ఆజ్ఞ వేరు. సొమ్ము ఇనప్పెట్టెలో ఉంటుంది, ఆజ్ఞ చెక్కు రూపంలో వస్తుంది. చెక్కు కాగితమే, దానికి బరువు లేదు. రైలు నడపడంలోనూ రెండు సంగతులున్నాయి. చక్రం తిప్పే శక్తి ఒకటి, తిప్పమనే ఆజ్ఞ ఒకటి. ఈ రెండింటినీ విడదీయవచ్చునని మనుషులకు తోచడానికి చాలాకాలం పట్టింది. తోచిన తరువాత కూడా, పెద్ద రైళ్ళలో వచ్చిన ఆ తెలివి బొమ్మరైళ్ళలోకి దిగడానికి మరో యాభై ఏళ్ళు పట్టింది.

పెద్ద రైళ్ళలో ఆ పని చేసినవాడు ఫ్రాంక్ స్ప్రేగ్ అనే అమెరికన్. నౌకాదళ విద్యాలయంలో చదివి, కొన్నాళ్ళు ఎడిసన్ దగ్గర పనిచేసి, 1888లో రిచ్‌మండ్ నగరంలో ట్రాములు నడిపి పేరు తెచ్చుకున్నాడు. అంతవరకు బరువైన బండికి రెండో ఇంజను తగిలిస్తే, దాంట్లోనూ ఒక డ్రైవరు ఉండవలసిందే. ఒకరికొకరు ఈలలతో చెప్పుకోవడమే. ముంబయి, పుణె మధ్య భోర్ ఘాటు మీద వెనకనుంచి తోసే ఇంజన్లను మహారాష్ట్రలోని మన పాఠకులు చూసే ఉంటారు. స్ప్రేగ్ ఏమన్నాడంటే, ప్రతి పెట్టెకూ దాని మోటారు ఉండనీ, అది తనకు కావలసిన కరెంటు తానే తీసుకోనీ, డ్రైవరు దగ్గరనుంచి మాత్రం సన్నని తీగల మీద కొద్దిపాటి కరెంటుతో ఆజ్ఞ ఒక్కటే అన్ని పెట్టెలకూ పోనీ అన్నాడు. 1897లో చికాగో ఎలివేటెడ్ రైల్వే కాంట్రాక్టు పుచ్చుకుని, ఆ జులైలో షెనెక్టడీ ఊళ్ళో పరీక్ష జరిపాడు. కంపెనీ పెద్దల ముందు ఆరు పెట్టెల బండిని నడిపింది ఆయన కాదు, ఆయన పదేళ్ళ కొడుకు డెస్మండ్. అంతకంటే గొప్ప ప్రకటన మరొకటి ఉంటుందా? పసివాడి చేయి చాలు, బండి బరువుతో నిమిత్తం లేదు.

మరుసటి ఏడు, 1898లో, నికోలా టెస్లా న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక నీళ్ళతొట్టెలో చిన్న పడవను తీగ లేకుండా నడిపి చూపించాడు. అదే సంవత్సరం నవంబరులో పేటెంటు కూడా వచ్చింది. దాని పేరులో పడవలతోపాటు బండ్లు కూడా ఉన్నాయి. అంటే పందొమ్మిదో శతాబ్దం ముగిసేలోపే రెండు సూత్రాలూ మనుషుల చేతికొచ్చాయి. ఒక్క ఆజ్ఞతో అనేక మోటార్లు నడుస్తాయి, ఆజ్ఞకు తీగ కూడా అక్కర్లేదు.

ఇక బొమ్మరైళ్ళ సంగతి. జర్మనీలోని మెర్క్‌లిన్ కంపెనీ 1891లో లైప్‌జిగ్ సంతలో పట్టాల కొలతలను నంబర్లవారీగా నిర్ణయించి అమ్మకానికి పెట్టింది. అంతకుముందు ఎవరి బొమ్మ వారిది. ఈ కొలతల పుణ్యమా అని ఈ ఏడు కొన్న పట్టాకు వచ్చే ఏడు కొన్న పట్టా అతికింది. తరువాత కరెంటు వచ్చింది. మన దేశంలో అందరికీ తెలిసిన ఉదాహరణ గ్వాలియరు జయవిలాస్ రాజభవనంలోని వెండి రైలు. భోజనాల బల్ల మీద పట్టాలు పరిచి, సింధియా అనే పేరులోని ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం ఒక్కొక్క పెట్టె మీద రాసి, అతిథుల ముందుకు మద్యం, చుట్టలు తిప్పేవారు. సీసా ఎత్తితే బండి ఆగుతుందట. వైభవం అలా ఉంచి లెక్క చూడండి. ఒకటే బండి, ఒకటే బల్ల, నడిపేది ఒకరే. రెండో బండి వచ్చి ఉంటే మహారాజు గారికీ మాకొచ్చిన చిక్కే వచ్చేది.

ఆ చిక్కు ఇది. మామూలు బొమ్మరైలులో కరెంటు పట్టాలగుండా వస్తుంది. వోల్టేజి పెంచితే వేగం పెరుగుతుంది, ధన రుణాలు తారుమారు చేస్తే బండి వెనక్కి పోతుంది. సొమ్మూ చెక్కూ ఒకటే ఇక్కడ. పట్టాల మీద రెండు ఇంజన్లు పెట్టారనుకోండి, రెండూ ఒకేసారి కదులుతాయి, ఒకేసారి ఆగుతాయి. ఒకదాన్ని ఆపి రెండోదాన్ని పోనివ్వడం కుదరదు.

దీనికి మొదటి చక్కని జవాబు 1935లో వచ్చింది. నూరెంబర్గు నగరపు ట్రిక్స్ కంపెనీ మూడు పట్టాల బండి తెచ్చింది. మధ్య పట్టా ఉమ్మడి. ఒక ఇంజను ఎడమ పట్టానుంచి, రెండోది కుడి పట్టానుంచి కరెంటు తీసుకుంటాయి. ఒకే దారి మీద రెండు బండ్లు, ఎవరి బండి వారిది. అన్నదమ్ములు కొట్టుకోకుండా ఆడుకోవచ్చు. ఆ కంపెనీ యజమాని స్టెఫాన్ బింగ్ యూదుడు. 1938లో కంపెనీని వదులుకుని ఇంగ్లండు వెళ్ళిపోవలసి వచ్చింది. బొమ్మల చరిత్రలోకి కూడా ఆ కాలం అలా చొరబడింది.

మూడు పట్టాలతో రెండు బండ్లు సరే, నాలుగైదు కావాలంటే? అప్పుడు పట్టాలను ముక్కలు ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క స్విచ్చి పెట్టడం మొదలైంది. బండి ముందుకు పోతున్నకొద్దీ నడిపేవాడు ముందు ముక్క స్విచ్చి వేసుకుంటూ, వెనక ముక్కది తీసేస్తూ పోవాలి. ఒక్క స్విచ్చి మరిచిపోతే పక్కవాడి బండి మీ చేతిలోకి, మీ బండి వాడి చేతిలోకి పోతుంది. బండి నడిపేదానికన్నా స్విచ్చిలు నడిపేదే ఎక్కువ. అమెరికాలో ఎం.ఐ.టి. విద్యార్థులు 1946లో పెట్టుకున్న రైలుబొమ్మల క్లబ్బులో ఈ స్విచ్చిల బాధ తప్పించడానికి టెలిఫోను ఎక్స్ఛేంజి సామగ్రి తెచ్చి బల్ల కింద బిగించారు. ఏ ముక్క కావాలో డయలు తిప్పి అడగడమే. బల్ల మీద కొండలూ ఊళ్ళూ తయారుచేసేవాళ్ళు కొందరైతే, బల్ల కింద దూరి తీగలు కలిపేవాళ్ళు కొందరు. ఆ కింద దూరినవాళ్ళే తరువాత కంప్యూటర్ల గదిలో దూరారు. వారిలో కొందరు 1962లో 'స్పేస్‌వార్' అనే తొలి కంప్యూటరు ఆటల్లో ఒకటైనదాన్ని తయారుచేశారు. ఈనాడు పత్రికల్లో కనిపించే 'హ్యాకర్' అనే మాట కంప్యూటరు అర్థంలో ఆ క్లబ్బు వాడుకలోనుంచే వ్యాపించింది. అప్పుడది తిట్టు కాదు, మెచ్చుకోలు.

స్ప్రేగ్ చేసినట్టు ఆజ్ఞను శక్తినుంచి విడదీయాలనే ప్రయత్నం బొమ్మల్లో 1946లో కనిపిస్తుంది. అమెరికాలోని లయొనెల్ కంపెనీ, పది మీటల పెట్టె ఒకటి తెచ్చింది. ఒక్కొక్క మీట ఒక్కొక్క రేడియో తరంగాన్ని పట్టాలగుండా పంపుతుంది. ఇంజనులోనూ పెట్టెల్లోనూ ఉన్న చిన్న రిసీవర్లు తమ తరంగాన్ని మాత్రమే పట్టించుకుంటాయి. ఈల వేయమంటే ఈల, పెట్టె విడిపొమ్మంటే విడిపోవడం. ధర చాలా ఎక్కువ. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు పిల్లల బొమ్మకు అంత డబ్బు పెట్టే తండ్రులెందరుంటారు? మూడు నాలుగేళ్ళలో కేటలాగునుంచి తప్పుకుంది. 1960లలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ అయిదు ఇంజన్లను విడివిడిగా నడిపే పద్ధతి తెచ్చింది, అదీ నిలవలేదు. 1979లో ఇంగ్లండులో హార్న్‌బీ కంపెనీ 'జీరో వన్' అనే పేరుతో మైక్రోప్రాసెసరు పెట్టి పదహారు ఇంజన్ల దాకా లాక్కొచ్చింది. 1980లలో మెర్క్‌లిన్ ఎనభై అంది.

ఇవన్నీ ఎందుకు పోయాయి? పనిచేయక కాదు. ఒకరి పెట్టె భాష మరొకరి ఇంజనుకు తెలియదు. హార్న్‌బీ పెట్టె కొన్నవాడు మెర్క్‌లిన్ ఇంజను తెచ్చుకుంటే అది మూగ, చెవిటి. కంపెనీ ఆ సరుకు మానేసిందా, కొన్నవాడి డబ్బు మునిగినట్టే. మా బ్యాంకులోకి మొదట లెడ్జరు యంత్రాలు వచ్చిన రోజులు నాకు గుర్తు. ఈ శాఖ ఫ్లాపీ ఆ శాఖ యంత్రం చదివేది కాదు. చివరకు అచ్చుతీసిన కాగితం పట్టుకుని మనిషే బస్సెక్కేవాడు. రాష్ట్రేతర తెలుగువాళ్ళం, మనకీ మూగతనం వేరే వర్ణించి చెప్పాలా?

జర్మనీకి చెందిన బెర్న్డ్ లెంజ్ అనే ఇంజనీరు రూపొందించిన పద్ధతిని అమెరికాలోని జాతీయ రైలు నమూనాల సంఘం ఎంచుకుంది. 1935లో మిల్వాకీ నగరంలో పుట్టిన సంఘం అది, అంగడి కాదు. లెంజ్ లైసెన్సు ఇచ్చాడు. సంఘం దాన్ని విస్తరించి, 1994 నాటికి అందరికీ ప్రమాణంగా ప్రకటించింది. దాన్నే డి.సి.సి. అంటారు. ఏ కంపెనీ పెట్టెతోనైనా ఏ కంపెనీ ఇంజనైనా నడవాలి, అదీ షరతు.

ఇది పనిచేసే తీరు నాకు మహా ఇష్టం. పట్టాల మీద కరెంటు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, బండి ఆగి ఉన్నా సరే. ఆ కరెంటు దిశనే క్షణంలో వేలసార్లు అటూ ఇటూ మారుస్తూ దానితోనే కబురు పంపుతారు. ఒక్కొక్క అర మార్పు సెకనులో పదిలక్షల వంతులు 58 పడితే ఒకటి అని, 100 పడితే సున్న అని అర్థం. ముందు వరసగా కొన్ని ఒకట్లు, అంటే 'అందరూ వినండి' అని పిలుపు. తరువాత ఇంజను నంబరు. తరువాత ఏం చేయాలో ఆజ్ఞ. చివర, పై అంకెలను ఒక పద్ధతిలో కలిపి తేల్చిన సరిచూపు అంకె. ఇంజనులో గోరంత పలక ఒకటి ఉంటుంది. అది నంబరు తనదా కాదా చూస్తుంది, సరిచూపు అంకె పొసిగిందా లేదా చూస్తుంది. పొసగకపోతే ఆ కబురును పారేస్తుంది. పంపేవాడు ఎలాగూ మళ్ళీ మళ్ళీ పంపుతూనే ఉంటాడు. ఖాతా నంబరు, మొత్తం, టాలీ. మా వోచరుకూ దీనికీ ఏమిటి తేడా? ఖాతాలు 10,239 దాకా తెరవవచ్చు. అన్ని ఇంజన్లు ఎవరి ఇంట్లో ఉంటాయో గాని.

రెండు మూడు ఇంజన్లకు కలిపి ఒక ఉమ్మడి నంబరు ఇచ్చి జట్టు కట్టడం కూడా ఇందులో ఉంది. జట్టు కట్టడం అంత తేలిక కాదు. ఒకే ఆజ్ఞకు ఒకటి వేగంగా, ఒకటి నెమ్మదిగా కదిలితే, ముందున్నది వెనకదాన్ని ఈడుస్తుంది, లేదా వెనకది ముందుదాన్ని తోసి పట్టా తప్పిస్తుంది. ఎద్దు ఎండకు లాగితే దున్న నీడకు లాగిందన్న సామెత. అందుకని ఒక్కొక్క ఇంజనుకూ మెట్టు మెట్టుకూ వేగం సరిచూసి, తొందరపాటు దాన్ని తగ్గించి, బద్ధకపు దాన్ని పెంచి జత కుదర్చాలి. కాడికి ఎడ్లను మరిపే రైతు చేసే పనే.

ఇంతవరకు ఆజ్ఞ పట్టాలగుండానే వచ్చింది. నడిపేవాడి చేతిలోని పెట్టెకు తీగ ఉండేది. దాన్ని తెంచి రేడియో పెట్టినవారు ఎందరో ఉన్నారు. నేను చెప్పదలుచుకున్నది ఒకరి గురించి. నీల్ యంగ్ అనే కెనడా దేశపు గాయకుడు, రాక్ సంగీతంలో పెద్ద పేరు. ఆయన కొడుకు బెన్‌కు తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ. మాట లేదు, కాళ్ళూ చేతులూ వశంలో లేవు. తండ్రికి బొమ్మరైళ్ళ పిచ్చి. కొడుకు కూడా నడపాలని, వాడు కదల్చగలిగినంత కదలికకు అందే పెద్ద మీట ఒకటి తయారుచేయించాడు. ఆ పని పెరిగి, 1990లలో లయొనెల్ కంపెనీ అమ్మిన తీగలేని చేతిపెట్టె అయింది. 99 ఇంజన్లను విడివిడిగా నడపగలదు. బొమ్మరైళ్ళ పేటెంట్లలో ఆవిష్కర్తగా యంగ్ పేరు కూడా ఉంది. 1995లో ఆ కంపెనీనే కొన్నవాళ్ళలో ఆయనొకడు. ఈ సంగతి చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు. వాళ్ళ దగ్గర డబ్బుంది నిజమే. ఆలోచన కూడా డబ్బున్నవాళ్ళకే రావాలా?

రేడియో అనగానే మా నాన్నగారి కాలం గుర్తొస్తుంది. ఇంట్లో రేడియో వినాలంటే పోస్టాఫీసులో ఏటేటా లైసెన్సు కట్టి, చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. వినడానికే లైసెన్సైతే, పంపడం మాట చెప్పాలా! 1980ల నడుమ ఆ లైసెన్సు పోయింది. ఈ చేతిపెట్టెల్లో చాలావాటికి పనికొచ్చే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను తక్కువ శక్తితో లైసెన్సు లేకుండా వాడుకోవచ్చునని మన ప్రభుత్వం 2005లో ప్రకటించింది. మా ఇంట్లో రైలు నడిచిందంటే అందులో ఆ ఉత్తర్వు పాలూ ఉంది.

ఇప్పుడు కొందరు ఇంకా ముందుకు వెళ్ళి, పట్టాల్లో కరెంటే వద్దని, ఇంజనులోనే బ్యాటరీ, రేడియో రెండూ పెట్టేస్తున్నారు. పట్టా ఒట్టి ఇనుముగా మిగిలిపోతుంది. మాలాగా సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇదే మేలు. వారం రోజులు తుడవకపోతే పట్టాల మీద మసి పేరుకుని, బండి ఎక్కిళ్ళు పెడుతూ నడుస్తుంది.

కంప్యూటరునుంచి రైళ్ళు నడిపే ప్రోగ్రాము ఒకటి ఉచితంగా దొరుకుతుంది, పేరు జె.ఎం.ఆర్.ఐ. దీనికి మూలపురుషుడు రాబర్ట్ జేకబ్సన్, కాలిఫోర్నియాలో భౌతికశాస్త్ర ప్రొఫెసరు. చాలామంది అభిమానులు తలో చేయీ వేసి రాసి, ఎవరైనా వాడుకోండి, మా పేర్లు మాత్రం తీసేయకండి అని ఊరికే ఇచ్చారు. 2005లో ఒరెగాన్ రాష్ట్రంలోని ఒక కంపెనీ, మా పేటెంటు వాడుకున్నారు, రెండు లక్షల డాలర్లకు పైగా కట్టండి అని ఆయనకు చీటీ పంపింది. పైసా తీసుకోకుండా పంచినదానికి బిల్లు! ఆయన 2006లో కోర్టుకెక్కాడు. ఆ కంపెనీయే ఈ ఉచిత ఫైళ్ళను పేర్లు తీసేసి తన సరుకులో వాడుకున్నదని విచారణలో బయటపడింది. కింది కోర్టు, ఊరికే ఇచ్చినదానికి కాపీరైటు ఉల్లంఘన వర్తించదన్న ధోరణిలో పోయింది. 2008 ఆగస్టులో అప్పీలు కోర్టు కాదంది. డబ్బు తీసుకోకపోయినా షరతు షరతే, దాన్ని తప్పితే కాపీరైటు తప్పినట్టేనని తీర్పు ఇచ్చింది. 2010లో రాజీ కుదిరి కంపెనీ లక్ష డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఈనాడు ప్రపంచమంతా వాడుతున్న ఉచిత ప్రోగ్రాములకు చట్టంలో అండగా చెప్పుకునే తీర్పు, బొమ్మరైళ్ళ దావాలో వచ్చింది. కామర్సువాణ్ణి కనుక ఈ ఒక్క దావా కాగితాలు మాత్రం ఆసాంతం చదివాను.

పెద్ద రైళ్ళ సంగతి మధ్యలో వదిలేశాను. 2021 అక్టోబరు 7న దక్షిణ మధ్య రైల్వే కొండపల్లినుంచి మా ఖుర్దా డివిజనుకు 'త్రిశూల్' అనే బండి పంపింది. మూడు గూడ్సులు కలిపి కట్టిన 177 వ్యాగన్లు. మరునాడు రాయచూరునుంచి మణుగూరుకు 'గరుడ' నడిపింది. 2022 ఆగస్టు 15న కోర్బానుంచి రాజ్‌నంద్‌గావ్‌కు 295 వ్యాగన్లతో, ఆరు ఇంజన్లతో మూడున్నర కిలోమీటర్ల పొడవున 'సూపర్ వాసుకి' నడిచింది. బరువు 27 వేల టన్నులు. మావాడికి ఈ అంకెలన్నీ కంఠస్థం. తప్పు చెబితే నన్ను ఆపుతాడు.

మా ఇంటి బండి చిన్నది. పుణెలో ఒక పెద్దాయన తన సామాను తగ్గించుకుంటుంటే, అసలులో 87వ వంతు సైజున్న రెండు ఇంజన్లూ కొన్ని వ్యాగన్లూ కొన్నాను. పుణె వెళ్ళిన ఆ రెండు రోజుల్లో కొత్రూడ్‌లోని జోషీగారి చిన్న రైళ్ళ మ్యూజియం కూడా చూశాను, 1998లో తెరిచారు. తప్పక చూడదగ్గది. ఇంజన్లలో పెట్టే పలకల కోసం మొదట ఒక దుకాణంవాడు అన్నిటికీ పనికొస్తుందని చెప్పి అంటగట్టినవి దేనికీ పనికిరాలేదు. రెండోసారి ప్రమాణం నంబరు చూసి కొన్నాను. పాత ల్యాప్‌టాపులో ఆ ఉచిత ప్రోగ్రాము వేశాం. మా వీధిలో డిప్లొమా చదివే అబ్బాయి, ఆటల యంత్రాలకు వాడే అరచేతంత మీటలు రెండు తెచ్చి కీబోర్డు మీటల బదులు కలిపాడు. ఆకుపచ్చది కొడితే వేగం ఒక మెట్టు పెరుగుతుంది, ఎర్రది కొడితే బండి ఆగుతుంది. వేళ్ళతో పనిలేదు, మోచేయి చాలు.

మొదటిరోజు ఒక్క ఇంజనే పెట్టాం. వాడు ఆకుపచ్చ మీట మీద మోచేయి వేశాడు. బండి కదిలింది. మా అక్కయ్య వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. పొయ్యి మీద పోపు మాడిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. వాడు నలభై నిమిషాలు ఆపలేదు.

రెండో ఇంజను మధ్యలో పెట్టాలని ఇప్పుడు వాడి పట్టు. మనిషి లేని ఇంజను మధ్యలో ఉండాలట. రెండింటికీ ఉమ్మడి నంబరు ఇచ్చాను గాని, పన్నెండో మెట్టు దగ్గర వెనకది తోసేస్తోంది, మలుపులో మూడో వ్యాగను పట్టా దిగుతోంది. రోజూ రాత్రి భోజనాలయ్యాక కూర్చుని ఒక్కొక్క మెట్టూ సరిచూస్తున్నాం. వాడు వేగం చెబుతాడు, నేను పాత లెడ్జరు పుస్తకంలో రెండు కాలాలు గీసి రాస్తాను. నిన్నటికి తొమ్మిదో మెట్టు దాకా పొసిగింది.